ముక్కు మేస్త్రి లేదన్న ఇల్లు

వంటగ్యాసుకి వాసన ఉండదు. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. "అదేంటండీ, కుళ్ళిపోయిన క్యాబేజీలా గుప్పుమంటుందిగా!" అంటారు. ఆ గుప్పుమనేది గ్యాసు కాదు, గ్యాసులో కావాలని కలిపే మందు. బయటికి వస్తే మనిషికి తెలియాలని సిలిండర్లలో నింపక ముందే రవ్వంత కలుపుతారు. ఆ మందే లేకపోతే గ్యాసు చెప్పాపెట్టకుండా వచ్చి, నేలంతా పరుచుకుని, అగ్గిపుల్ల గీసేదాకా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటుంది.

ముక్కు మేస్త్రి తన ముప్పై ఏళ్ళ పనిలో ఈ సంగతి కొన్ని వేలమందికి చెప్పి ఉంటాడు. ఆయన గ్యాసు ఏజెన్సీలో మెకానిక్కు. అసలు పేరేమిటో ఏజెన్సీలోనే సగంమందికి తెలియదు. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే "వెనక బర్నరు నాబ్ దగ్గరమ్మా" అనేవాడు. విప్పి చూస్తే అక్కడే ఉండేది. ఒకసారి ఒక ఇంట్లో రెగ్యులేటర్ మార్చడానికి వెళ్ళి, మెట్ల మీద ఆగి, పిలవని పక్కింటి తలుపు కొట్టాడు. "మీ ఇంట్లో సిలిండర్ వాషరు పోయిందండీ" అన్నాడు. ఆ ఇంటావిడ ముందు తిట్టిపోసి, తర్వాత చూసుకుని, గ్లాసుడు మజ్జిగ ఇచ్చి పంపింది. ఆ మజ్జిగ కథ ఏజెన్సీలో పదేళ్ళు నడిచింది.

గొప్పే మరి, కాదనను. కానీ గొప్ప ముదిరితే ఏమవుతుందో కూడా చెప్పాలి కదా. ప్రతి మెకానిక్కు దగ్గరా ఒక సీసాలో సబ్బునీళ్ళూ ఒక బ్రష్షూ ఉండాలని ఏజెన్సీ రూలు. జాయింట్ల మీద ఆ నీళ్ళు పూస్తే, లీకు ఉన్నచోట బుడగ లేస్తుంది. పిల్లలకైనా అర్థమయ్యే పని. మేస్త్రి మాత్రం ఆ సీసా మోయడం మానేసి పదిహేనేళ్ళయింది. "సబ్బునీళ్ళు జలుబు చేసినవాళ్ళకిరా!" అనేవాడు కొత్తగా చేరినవాళ్ళతో. వాళ్ళు నవ్వేవాళ్ళు, లోపల కుళ్ళుకునేవాళ్ళు కూడా.

ఒక ఏడాది ఆయనకు రెండు వారాలు జ్వరం వచ్చింది. పెళ్ళి చేసుకోని మనిషి, ఒక్క గదిలో ఉంటాడు. రెండు వీధుల అవతల ఉన్న అక్క పొద్దునా సాయంత్రం వచ్చి గంజి పోసి పోయేది. జ్వరం తగ్గాక మొదటిసారి తలస్నానం చేస్తూ, సబ్బు వాసన రాక, అది పాడైపోయిందనుకున్నాడు. కొత్తది కొన్నాడు. అదీ అంతే. పక్కింటి పెయింటరు దగ్గరికి వెళ్ళి, ఏదో అడగడానికి వచ్చినట్టు నిలబడి, మూత తీసి ఉన్న, రంగులో కలిపే టిన్నర్ డబ్బా మీదికి వంగాడు. కళ్ళు మండాయి. వాసన మాత్రం రాలేదు.

ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే భయం, పచ్చి భయం. ముక్కు పోయిన ముక్కు మేస్త్రిని ఏమని పిలుస్తారు? ఇవాళో రేపో అదే తిరిగి వస్తుందిలే అనుకున్నాడు. పోనీ సబ్బు సీసా పట్టుకుందామంటే, పదిహేనేళ్ళుగా ఎగతాళి చేసిన సీసా ఇప్పుడు చేతిలో కనబడితే కుర్రమెకానిక్కులు ఊరుకుంటారా? అందుకని ఒక ఉపాయం పట్టాడు. "ఎక్కడ వస్తోందమ్మా?" అని ఇంటివాళ్ళనే అడిగేవాడు. వాళ్ళు చెయ్యి చూపించిన చోట వాషరో ట్యూబో మార్చేవాడు. వాళ్ళ ముక్కుతోనే వాళ్ళకి వైద్యం! ఇంటివాళ్ళు గట్టిగా చెప్పలేకపోతే మాత్రం ఎప్పటిలాగే కింద కూర్చుని, కళ్ళు మూసుకుని, రెండుసార్లు గాలి పీల్చి, కంప్లయింటు చీటీ మీద "లీకు లేదు" అని రాసేవాడు.

అలా రాసిన ఇళ్ళలో ఒకటి మూడో అంతస్తులో ఉంది. అత్తగారు, మామగారు, కొడుకు, కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు. కోడలికి ఐదో నెల. కంప్లయింటు చేయించింది ఆ అమ్మాయే.

"పొద్దున లేచేసరికి వస్తోంది బాబాయి గారూ," అందామె. "కింద కూర్చుని కూరలు తరిగేటప్పుడు ఇంకా ఎక్కువ. తల పోటెత్తుతోంది."

"మాకెవరికీ రావట్లేదండీ," అంది అత్తగారు గుమ్మంలోంచి. "కడుపుతో ఉన్నప్పుడు అన్నీ వాసనలే కదా. నిన్న సబ్బు వాసన పడలేదంది. మొన్న వాళ్ళాయన చొక్కా వాసన పడలేదంది."

మేస్త్రి కింద కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. పక్కనే మూకుట్లో ఉల్లిపాయలు వేగుతున్న చప్పుడు వినబడుతోంది. ఉల్లిపాయలే తెలియని ముక్కుకి ఇంకేం తెలుస్తుందన్న ఆలోచన వచ్చింది. వచ్చిన ఆలోచనని వచ్చినట్టే అణిచేశాడు.

"లేదమ్మా," అన్నాడు.

వారం తిరక్కుండా అదే ఇంటి నుంచి మళ్ళీ పిలుపు. ఈసారి మామగారు మెట్ల దగ్గరే ఎదురొచ్చి, మళ్ళీ రప్పించినందుకు ఏమీ అనుకోవద్దన్నాడు. కోడలు వంటింటి మూల నిలబడి, ఆయన ముఖంలోకే చూస్తూ ఉంది. మేస్త్రి మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ పీల్చాడు, మళ్ళీ లేదన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. అత్తగారి వైపు తిరిగి, అనుభవం ఉన్నవాడిలా నవ్వి, "ఈ టైములో అమ్మాయిలకి అలాగే ఉంటుందండీ, మీరన్నదే నిజం" అనేశాడు. మామగారు చీటీ మీద సంతకం పెడుతూ, "ఆయనది ముక్కా మిషనా! ఇక ఈ గోల ఆపమ్మా" అన్నాడు కోడలితో. ఆ అమ్మాయి తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పది రోజులు గడిచాయి. ఒక సెలవు రోజు మధ్యాహ్నం మేస్త్రి అక్క ఇంటికి వెళ్ళాడు. బావ కాలేజీలో నలభై ఏళ్ళు తర్కం పాఠం చెప్పి దిగిపోయినవాడు. ఇప్పుడు వాదించడానికి ఎవరూ దొరక్క, బావమరిది కోసం కాచుకుని కూర్చుంటాడు. ఆ రోజూ వంటింట్లోనే బల్ల దగ్గర ఇద్దరూ పేపరు ముందేసుకుని ఏదో తగువు పడుతున్నారు. అక్క పొయ్యి మీద పాలు పెట్టి, బట్టలు తీయడానికి మేడ మీదికి వెళ్ళింది. మేస్త్రి పొయ్యికి వీపు పెట్టి, రెండు మూరల దూరంలో కూర్చుని ఉన్నాడు. బావకి వారం రోజులుగా జలుబు, ముక్కు దిబ్బడేసి ఉంది.

కాసేపటికి అక్క మెట్ల మీద దడదడమంటూ దిగి వచ్చింది.

"మేడ మీదికి వస్తోందిరా మాడు వాసన! పక్కనే కూర్చున్నావు, ఏం చేస్తున్నావురా?"

ఇద్దరూ వెనక్కి తిరిగారు. గిన్నె అడుగంతా నల్లగా మాడిపోయి, పొగ కిటికీ దాకా పాకింది. అక్క పొయ్యి కట్టేసి, గిన్నె దించి, ఇంకా ఏదో అనబోయి, తమ్ముడి ముఖం చూసి ఆగిపోయింది.

"ఎన్నాళ్ళయిందోయ్?" అన్నాడు బావ మెల్లగా.

మామూలుగా అయితే బావ ఈ సంగతి ఆర్నెల్లు ఆడిపోసుకునేవాడు. ఆ గొంతులో ఎగతాళి లేకపోయేసరికి మేస్త్రికి ఏడుపొచ్చినంత పనైంది.

"జ్వరం దగ్గర్నుంచి బావా."

"మరి ఇన్నాళ్ళూ చీటీల మీద ఏం రాస్తున్నావు?"

"వాసన వస్తే... అంటే వాళ్ళు చెబితే, ఉందని. లేకపోతే లేదని."

"లేదని రాస్తున్నావా, తెలియలేదని రాస్తున్నావా?"

"రెండూ ఒకటేగా."

బావ కళ్ళజోడు తీసి పేపరు మీద పెట్టాడు.

"నలభై ఏళ్ళు చెప్పిన పాఠమోయ్ ఇది. అనుపలబ్ధి అంటారు. పేరు విని కంగారు పడకు. ఉపలబ్ధి అంటే తెలియడం, అనుపలబ్ధి అంటే తెలియకపోవడం. ఉన్నదాన్ని చూసి ఉందంటాం, సరే. లేనిదాన్ని లేదని ఎలా చెబుతాం? ఈ బల్ల మీద కుండ ఉందా?"

"లేదు."

"ఎలా తెలుసు?"

"కనబడటం లేదుగా."

"కరెంటు పోయి గదంతా చీకటైంది. అప్పుడూ కనబడదు. లేదంటావా?"

"అనను. చీకట్లో ఉన్నా కనబడదు."

"అంతే! లేదనడానికి కనబడకపోవడం ఒక్కటే చాలదు. వెలుతురుండాలి, కళ్ళుండాలి, అది కంటికి ఆనే వస్తువై ఉండాలి. అక్కడుంటే కనబడి తీరేది అని చెప్పగలగాలి. దాన్ని యోగ్యత అన్నారు. ఈ అనుపలబ్ధి విడిగా ఒక ప్రమాణమా, అంటే తెలుసుకోవడానికి వేరే దారా, లేక చూపులోనే ఒక భాగమా అని మా తర్కం వాళ్ళు కొన్ని వందల ఏళ్ళు జుట్లు పట్టుకున్నారనుకో. ఈ యోగ్యత దగ్గర మాత్రం రాజీ లేదు. అది లేని 'లేదు' ఉత్త మాట."

"గ్యాసులో మందు కలిపేది అందుకేగా బావా," అన్నాడు మేస్త్రి నెమ్మదిగా, తనలో తనే అనుకుంటున్నట్టు. "వాసన రాకపోతే గ్యాసు లేనట్టే అని చెప్పుకోడానికి."

"అవును. గ్యాసుకి యోగ్యత తెచ్చిపెట్టారు. మరి ముక్కుకి?"

మేస్త్రి కళ్ళ ముందు మూడో అంతస్తు వంటిల్లు మెదిలింది. లేదని రాసిన ఇళ్ళు ఇంకా ఉన్నాయి. కానీ అక్కడ ఒక మనిషి, వాసన ఉందని రెండుసార్లు చెప్పింది. చెప్పిన మనిషికి వెలుతురుంది, కళ్ళున్నాయి. చీకట్లో కూర్చుని లేదన్నది తను. జేబులోంచి చీటీల కట్ట తీసి, నంబరు వెతికి ఫోను చేశాడు. మోగింది. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. మళ్ళీ మోగి మోగి ఆగిపోయింది.

"అక్కా, సబ్బునీళ్ళు కలిపివ్వు," అంటూ లేచాడు. అక్క మారు మాట్లాడకుండా గిన్నెలు తోమే సబ్బు సీసాలో కలిపిచ్చింది. బ్రష్షు లేదు. బావ బాత్రూంలోకి వెళ్ళి తన గడ్డం బ్రష్షు తెచ్చి చేతిలో పెట్టాడు.

"పద పద. నా గడ్డానికేం తొందర!"

యాభై ఏడేళ్ళ మనిషి వీధుల వెంట పరుగు లాంటి నడక నడిచాడు. దారిలో ఒకటే ఆలోచన, పొయ్యి ముట్టించే వేళైందని. ఇన్నాళ్ళూ ఏం కాలేదు కదా, ఇవాళే ఎందుకవుతుంది అని ఒకవైపు మనసు సర్దిచెబుతోంది. ఇన్నాళ్ళూ ఏం కాలేదని నీకెలా తెలుసు, ఆ పిల్ల తలపోటు నీకు తెలుసా అని అదే మనసు తిడుతోంది. ఆగకుండా మూడంతస్తులూ ఎక్కాడు. కాలింగ్ బెల్ మీదికి వెళ్ళిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లోపల గ్యాసు నిండి ఉంటే బెల్లులో పుట్టే నిప్పురవ్వ చాలు. పిడికిలితో తలుపు బాదాడు.

కోడలే తీసింది. చేతిలో సగం తరిగిన వంకాయ ఉంది. హాల్లో టీవీ మోతలో ఫోను ఎవరికీ వినబడలేదు. అంతే, ఇంకేం కాలేదు.

"అమ్మా, పొయ్యి వెలుగుతోందా?"

"లేదు. ఇప్పుడే పెడదామని..."

"పెట్టొద్దు. ఎవరూ ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు!"

తిన్నగా వంటింట్లోకి వెళ్ళి సిలిండర్ కట్టేశాడు. కిటికీ మూసి ఉంది. గడియ తీసి, రెండు రెక్కలూ బార్లా తెరిచాడు. గుమ్మం తలుపు తెరిచే ఉంచమన్నాడు. ఇంటిల్లిపాదీ వంటింటి ముందుకు చేరారు.

"ఏమైంది మేస్త్రి గారూ?" అన్నాడు మామగారు. "లీకు లేదన్నారుగా, రెండుసార్లు!"

ఎలా చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చాడు పాపం. కుదిరిన మాటొక్కటీ నోటికి రాలేదు.

"నాకు ముక్కు పని చెయ్యదండీ," అన్నాడు. "జ్వరం వచ్చిన దగ్గర్నుంచి వాసన అన్నదే తెలియదు. మీ ఇంట్లో ఉందో లేదో నాకు తెలియదు. తెలియకుండానే లేదని చెప్పాను. రెండుసార్లూ అంతే."

మామగారికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది. ఇంటిల్లిపాదీ ప్రాణాలతో ఆడుకున్నావా అన్నాడు. కడుపుతో ఉన్న పిల్ల ఉందని తెలియదా అన్నాడు. మేస్త్రి నిలబడి మాటలు పడ్డాడు. అందులో ఒక్క మాటా తప్పు కాదు.

ఈ నిజం ఆయన ఈ ఒక్క ఇంట్లోనే చెప్పి ఊరుకోలేదు, ఆ సంగతీ చెప్పేస్తాను. మర్నాడు పొద్దున్నే ఏజెన్సీలో అందరి ముందూ చెప్పాడు. కుర్రాళ్ళలో ఒక్కడు కిసుక్కుమన్నాడు, మిగతావాళ్ళు తలలు దించుకున్నారు. ఆ తర్వాత వారం పైగా, జ్వరం తర్వాత తను లేదని రాసిన ప్రతి గుమ్మమూ ఎక్కాడు. ప్రతి చోటా చెప్పులు విప్పక ముందే "నాకు వాసన తెలియదండీ, అప్పుడు అబద్ధం రాశాను, మళ్ళీ చూడాలి" అన్నాడు. కొందరు టీ ఇచ్చారు, ఒకాయన తలుపు ముఖాన వేశాడు. ఆ తలుపు దగ్గరికి మూడు రోజులు తిరిగి, చివరికి లోపలికి వెళ్ళి చూసే వచ్చాడు.

ఆ మధ్యాహ్నం మాత్రం ఇంకా గడవలేదు. గాలి బాగా ఆడేదాకా అందరూ హాల్లో నిలబడ్డారు. అప్పుడు మేస్త్రి సిలిండర్ తెరిచి, గడ్డం బ్రష్షు సబ్బునీళ్ళలో ముంచి, కింద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రెగ్యులేటర్ చుట్టూ పూశాడు. ఏమీ లేదు. పొయ్యి దగ్గర పూశాడు. ఏమీ లేదు. అత్తగారు గట్టిగా ఊపిరి వదిలింది. పొయ్యి గట్టు వెనక గోడకి ఆనుకుని ట్యూబు వంగిన చోట, చెయ్యి దూర్చి, చూపు ఆనకపోయినా తడుముకుంటూ పూశాడు.

"అద్దం ఉందామ్మా?"

కోడలు చిన్న అద్దం తెచ్చి, ఆయన పక్కనే కూర్చుని, గట్టు వెనక్కి పట్టుకుంది. ఇద్దరూ చూశారు. ట్యూబు వంపులో తెల్లటి బుడగ ఒకటి లేచింది. పెరిగింది. పగిలింది. దాని చోట్లోనే ఇంకొకటి లేచింది.

ఆ అమ్మాయి చాలాసేపు ఆ బుడగల్నే చూసింది. తర్వాత మాట్లాడింది. గొంతు పెద్దది చెయ్యలేదు.

"మీరు లేదన్నాక నేను కిటికీ కూడా తియ్యడం మానేశాను బాబాయి గారూ. తీస్తే దుమ్మొస్తోందని అత్తయ్య గారు తిట్టేవారు. పొద్దున్నే వాసన వచ్చేది. నాకే పిచ్చెక్కుతోందేమో అనుకునేదాన్ని. పుట్టబోయే బిడ్డకి కూడా ఏదో అవుతోందేమోనని... అమ్మకి ఫోను చేసి ఏడ్చాను. అమ్మ కూడా, అంత పెద్ద మేస్త్రి గారు చెప్పాక నీకెందుకే అనుమానం అంది."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. ట్యూబు పగిలితే మార్చవచ్చు. ఈ పిల్ల ముక్కు బాగానే ఉంది, తనది పోయింది. పోయిన ముక్కుని అడ్డం పెట్టుకుని, బాగున్న ముక్కుని అబద్ధం చేశాడు. ఈ నేరం ఏ చీటీ మీద రాయాలో ఆయనకి తెలియలేదు.

"తప్పు నాది తల్లీ," అన్నాడు.

సిలిండర్ కట్టేసి పాత ట్యూబు ఊడదీశాడు. వంపులో సన్నటి చీలిక, గోరంత కూడా లేదు. కొడుకు దాన్ని వెలుతురులో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "నాకూ ఒకట్రెండుసార్లు ఏదో వచ్చినట్టే అనిపించింది" అని గొణిగాడు. భార్య అతని వైపు ఒక్క చూపు చూసింది. అతను ట్యూబు కింద పెట్టేశాడు.

బజారు నుంచి తెప్పించిన కొత్త ట్యూబు వేసి, బిగించి, గ్యాసు వదిలి, మొదటినుంచి చివరిదాకా మళ్ళీ సబ్బునీళ్ళు పూశాడు మేస్త్రి. అద్దం పట్టి చూశాడు. ఒక్క బుడగ లేదు. అందరూ ఆయన ముఖంలోకి చూశారు, ఏం చెబుతాడా అని. అలవాటైన పని కదా.

ఆయన లేచి పక్కకి జరిగాడు.

"సబ్బునీళ్ళు లీకు లేదంటున్నాయి," అన్నాడు. "నువ్వు కూడా చూసి చెప్పమ్మా. ఈ ఇంట్లో వాసన వస్తోందని చెప్పింది నువ్వొక్కదానివే."

ఆ అమ్మాయి ఒక చెయ్యి గట్టుకి ఆనించి, బరువుగా కింద కూర్చుంది. గట్టు వెనక్కి ముఖం పెట్టింది. సిలిండర్ పక్కన పీల్చింది. నేల మీదికి వంగి పీల్చింది. మామగారు, అత్తగారు, భర్త, ముగ్గురూ గుమ్మంలో కదలకుండా నిలబడ్డారు. తొందరేం లేకుండా ఇంకోసారి చూసింది. ఎవరూ తొందర పెట్టలేదు.

"ఇప్పుడు లేదు," అంది చివరికి. తర్వాత తలెత్తి, గుమ్మంలో ఉన్నవాళ్ళని చూస్తూ, "ఇన్నాళ్ళూ ఉంది," అంది.

"ఉందమ్మా," అన్నాడు మేస్త్రి, అందరికీ వినబడేలా. "ఉంది."